ఫేసియా మీద అప్ప

నిన్న పొద్దున్న మా తమ్ముడు నా ఫోనుకి ఒక ఫారం పంపించాడు. వ్యవసాయ పరికరాల మేళాలో ఈసారి కూడా స్టాలు పెట్టాలంటే నింపాల్సిన ఫారం అది. "ఇంగ్లీసు నువ్వు సూసుకో అక్కా" అని కింద ఒక ముక్క. గోపాలపట్నంలో ఇనప పని చేసుకునే మా కుటుంబంలో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని కాగితం అన్నది ఏదొచ్చినా, కరెంటు బిల్లు దగ్గర్నుంచి పెళ్లి శుభలేఖ దాకా, మధురవాడలో ఉన్న నా ఒళ్లోకే వచ్చి పడుతుంది. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో గడీ నింపుకుంటూ వస్తున్నాను. సంస్థ పేరు, చిరునామా, తెచ్చే సరుకు, కావలసిన కుర్చీలు. ఆ తర్వాతి గడి దగ్గర ఆగిపోయాను. 'ఫేసియా నేమ్' అని ఉంది. నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. పేపరు చదువుకుంటున్న మా ఆయన, ఫారం నింపుతూ నవ్వే మనిషిని తన సర్వీసు మొత్తంలో చూడలేదన్నట్టు నా వంక చూసి, మళ్లీ పేపర్లో తల దూర్చేశాడు. నవ్వయ్యాక కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. అదంతా నవ్వుతో వచ్చిన నీరేనని మాత్రం చెప్పలేను.

తెలియనివాళ్ల కోసం చెబుతాను, ఎందుకంటే అప్పట్లో మాకూ తెలియదు. మేళాలో వరసగా పెట్టెల్లాంటి స్టాళ్లు కడతారు కదా, ఒక్కోదాని నుదుటి మీద అడ్డంగా ఒక తెల్ల పలక పెట్టి దుకాణం పేరు రాస్తారు. ఆ పలకనే ఫేసియా అంటారట. ఇంత చిన్న సంగతి తెలియకపోవడం వల్ల మూడేళ్ల కిందట మా ఇంట్లో జరిగిన గందరగోళం ఉంది చూశారూ, దాని తలా తోకా నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు.

మా నాన్న స్టీలు ప్లాంటులో ఫిట్టరుగా చేసి, రిటైరయ్యాక ఇంటి వెనకే రేకుల షెడ్డు వేసి కొడవళ్లు, పారలు, గునపాలు చేయడం మొదలుపెట్టాడు. పాత ఇనుము కొట్లో లారీల కమాను పట్టీలు ఏరుకొచ్చి, కొలిమిలో కాల్చి, సాగగొట్టి, పదును పెట్టేవాడు. షెడ్డు దగ్గరికి వెళ్తే బొగ్గు వాసన, నూనె వాసన, మా అమ్మ ఉన్న రోజుల్లో అయితే వాటి మీదుగా ఎండుచేపల వేపుడు వాసన. సొంత సుత్తి శబ్దం మధ్య ఏళ్లకేళ్లు కూర్చుని చెవులు మొద్దుబార్చుకున్నాడు. మనం ఒకటంటే ఆయన ఇంకొకటి వినేవాడు. దానికి ఇబ్బంది లేదు, విన్నదానికే కట్టుబడి ఉండేవాడు, అదీ ఇబ్బంది. కాఫీలో పంచదార తక్కువైందా అని అడిగితే, పంచాయితీ ఆఫీసుకి ఈ వేళప్పుడు ఎందుకని కోప్పడిన మనిషి. సంస్థకి పెట్టుకున్న పేరు మాత్రం మహా ఘనమైనది. తాత పేరు, తన పేరు కలిపి, మధ్యలో ఇంజనీరింగు చేర్చి, చివర అండ్ సన్ తగిలించాడు. రబ్బరు స్టాంపు మీద రెండు వరసల్లో కూడా పట్టేది కాదు.

నాన్నకి ఒకే ఒక్క తోబుట్టువు, మూడేళ్లు పెద్దది. మా వైపు అక్కని అప్ప అంటారు. మా తరానికి బడి చదువుతోపాటు అక్క అనే మాట వచ్చి కూర్చుంది గానీ, నాన్న తరానికి అప్పే. వరసకి ఆవిడ మాకు మేనత్త కాబట్టి మేం అత్తా అని పిలవాలి. కానీ నాన్న పూటకి పదిసార్లు అప్పా, అప్పా అంటుంటే వినీ వినీ మేమూ అప్పా అనే అన్నాం. చర్చిలో పాస్టరుగారూ అప్పే అంటారు, రైతుబజారులో పక్కన కూర్చుని కూరలు అమ్మేవాళ్లూ అప్పే అంటారు. అసలు పేరు ఆధారు కార్డుకి తప్ప ఎవరికీ అవసరం పడలేదు. పెందుర్తి దాటాక ఓ ముక్క నేలలో తోటకూర, గోంగూర, మెంతికూర పండించి, తెల్లారేసరికి మూట కట్టి బస్సులో వేసుకుని గోపాలపట్నం తెచ్చి అమ్ముకునేది. మూట బస్సు పైన వేయమన్న కండక్టర్లంతా కాలక్రమంలో బదిలీ అయిపోయారు, ఆవిడ మూట మాత్రం ఎప్పుడూ సీటు పక్కనే.

కలుపు తీసి తీసి అప్ప కుడి మణికట్టు వాచిపోయింది. ఓ రోజు పాత చేతిపార ఒకటి పట్టుకొచ్చి, "దీని మెడ ఇలగొంచి ఇయ్యరా, నా సెయ్యి ఒంగక్కర్లేకుండా" అంది. నాన్న వంచాడు. ఇంకొంచెం అంది. వంచాడు. పిడి ఏటవాలుగా కావాలంది. ఒక వేసవంతా అక్కాతమ్ముళ్లిద్దరూ కొలిమి దగ్గర దెబ్బలాడుకుంటూ తయారుచేశారు ఆ వంకర పారని. కూర్చున్నచోట కూర్చునే, మణికట్టు తిప్పకుండా, పక్కన మొక్క కదలకుండా, కలుపు వేరుతో సహా వచ్చేసేది. రైతుబజారు ఆడవాళ్లు చూసి నాకొకటి, నాకొకటి అన్నారు. నాన్న ఉత్సాహపడి చాలా చేశాడు, అట్టపెట్టెలు కూడా కొట్టించాడు. పెట్టె మీద మాటలు నన్ను రాయమన్నాడు. నేను చదివిన బియ్యే తెలుగంతా ఉపయోగించి 'ఆలోచన, రూపకల్పన' అని రాసి, ఎదురుగా నాన్న పేరు పెట్టాను. అలా ఉంటే హుందాగా ఉంటుందనుకున్నాను తప్ప, ఒక్క క్షణం ఆలోచించిన పాపాన పోలేదు. నాన్న చదివి బాగుందన్నాడు.

అప్పకి చదువు రాదు. మనవరాలి చేత చదివించుకుంది. మర్నాడు షెడ్డుకొచ్చి ఆ పెట్టె నాన్న ముందు పెట్టి ఒకే ఒక్క మాట అడిగింది.

"నా సెయ్యి నొప్పి కూడా నీదేనేట్రా?"

నాన్న ఏదో ఒకటి అనాల్సింది. చెవులు మొద్దయినా ఆ మాట వినపడిందని మొహం చూస్తే తెలిసిపోయింది. అయినా తల వంచుకుని ఆకురాయితో పదును పెడుతూ ఉండిపోయాడు. అప్ప వెళ్లిపోయింది. ఆ వెళ్లడం నాలుగేళ్లు. నేను వెళ్లి, రాసింది నేనే అప్పా అని ఏడిస్తే, "నీ మీద నాకు కోపమేటే గుంటా" అని సంచీ నిండా జామకాయలిచ్చి పంపింది. యాభై దాటినదాన్ని గుంటా, అంటే పిల్లా, అని పిలిచేది ఆవిడ ఒక్కతే. ఇద్దరూ వెళ్లేది ఒకే చర్చి. ఆదివారం ఆయన మగవాళ్ల వైపు రెండో వరస, ఆవిడ ఆడవాళ్ల వైపు రెండో వరస. ఆరాధన అయ్యాక గేటు దగ్గర అందరికీ వందనాలు చెప్పుకుంటూ వచ్చి, ఒకరికొకరు ఎదురుపడేసరికి ఇద్దరూ వంగి చెప్పులు సవరించుకునేవాళ్లు. తప్పయిపోయింది అనే మాట మా నాన్న దేవుడికి వారం వారం చెప్పేవాడు గానీ మనుషులకి ఒక్కసారి చెప్పిన గుర్తు నాకు లేదు. ఇద్దరికీ డెబ్భై దాటేశాయి. ఇలా చెప్పులు సవరించుకుంటూ ఉండగానే ఒకరు వెళ్లిపోతే రెండోవాళ్ల గతి ఏమిటని నాకు బెంగగా ఉండేది.

ఈ పరిస్థితుల్లో మా తమ్ముడు మేళా అన్నాడు. పారలు రైతుబజారు దాటి వెళ్లడం లేదు, నలుగురు దుకాణందార్ల కంట పడాలి అన్నది వాడి ఆరాటం. మధురవాడ వైపు ఓ కాలేజీ మైదానంలో మూడు రోజుల మేళా. ఫారం రాగానే గందరగోళం మొదలైంది. 'షెల్ స్కీమా, రా స్పేసా' అని మొదటి ప్రశ్న. స్కీము అంటే గవర్నమెంటుదే అయి ఉంటుంది, సబ్సిడీ వస్తుందని తమ్ముడు. "రా అంటన్నారు కదరా, మనల్ని రమ్మనే కదా" అని నాన్న. నేను ఫోనులో వెతికి, మొదటిది వాళ్లే కట్టి ఇచ్చే గది, రెండోది ఖాళీ నేల అని తేల్చాను. అయినా నాన్న చివరి రోజు దాకా స్కీము ఆఫీసరు ఎప్పుడొస్తాడని అడుగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత 'త్రీ బై త్రీ' అని ఉంది, దేంట్లోనో రాయలేదు. అడుగులనుకుని తమ్ముడు, మూడడుగుల జాగాలో ముగ్గురం ఎలా పడతామని దిగులు పెట్టుకున్నాడు. నాన్న మీటర్లే అన్నాడు. నేను చదువుకున్నదాన్ని కాబట్టి, అంగుళాలైతే కావని గట్టిగా చెప్పాను.

ఓ మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని నేను పారలకి నూనె రాస్తుండగా నాన్న ఫోను మోగింది. మేళా ఆఫీసు పిల్ల. ఆ పిల్ల గబగబా ఏదో అడిగింది. నాన్న ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని, "ఏటి? పేసా? పేసు పేరేటి?" అన్నాడు. ఇంకోసారి చెప్పింది కాబోలు. నాన్న నా చేతిలో ఉన్న వంకర పార వంక చూశాడు. "అప్ప" అన్నాడు. అవతల వినపడినట్టు లేదు. "అప్ప! అప్ప! ఏ, పీ, మల్లీ పీ, ఏ" అని గేటు పాసు రాయించినట్టు ఒక్కో అక్షరమూ ఒప్పజెప్పి ఫోను పెట్టేశాడు.

"ఏమడిగింది నాన్నా?"

"మన కొట్టుకి పేసు ఎవులని అడిగింది."

"మరి అప్ప అన్నావేం? ఆవిడ రాదు కదా?"

"రాపోతే రాపోనీ. దీనికి పేసు ఎవులంటే మరెవుల్ని సెప్పాల? నీ మొకమా?"

స్టాలుకి మొహం ఎందుకో నాకు బోధపడలేదు. ఏదో గుర్తింపు కార్డు కోసం అయి ఉంటుందనుకున్నాను. నాలుగేళ్ల తర్వాత ఆయన నోట అప్ప అనే మాట వినడంతో నాకు మిగతాదేదీ బుర్రకెక్కలేదు. నూనె రాసిన పారకే మళ్లీ నూనె రాస్తూ కూర్చున్నాను.

పార ఎలా పనిచేస్తుందో చూపించాలంటే మట్టి కావాలి, మట్టిలో మొక్కలు, వాటి మధ్య కలుపు ఉండాలి. మొక్కలు నర్సరీలో దొరుకుతాయి. కలుపు ఎక్కడ కొంటాం? నగరంలో రోడ్డు పక్కన మొలిచినదంతా సిమెంటులో మొలిచిందే. తమ్ముడు జాలరిపేట వెళ్లి చేపలు పోసే నీలం ప్లాస్టిక్ ట్రేలు అయిదు తెచ్చి కడిగాడు, వాటిని నింపుకురమ్మని నన్ను అప్ప దగ్గరికి పంపాడు. అప్ప మడి గట్టు మీద కూర్చుని తోటకూర కట్టలు కడుతోంది.

"ఒలే గుంటా, ఏటిలగొచ్చినావు?"

"మట్టి కావాలి అప్పా. కలుపుతో సహా. మేళాలో పార చూపించడానికి."

అప్ప కట్ట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "పంటొద్దు, కలుపు కావాల? ఇన్నేల్లూ కలుపు పీకినాను గానీ, కలుపు కోసం ఒచ్చినోల్లని సూడనేదు." మళ్లీ తనే, "మీ నాన్న పంపినాడేటి?" అంది.

"తమ్ముడు పంపాడు."

"ఆడికి నోరు నేదేటి?" అంది. తమ్ముడికా నాన్నకా అని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. తనే పారతో మడిలోంచి తుంగ, గరిక, మధ్య మధ్య తోటకూర మొక్కలతో పెళ్లలు పెళ్లలుగా తీసి, చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు ట్రేలలో సర్ది, నీళ్లు చిలకరించింది. రాకూడదా అప్పా అన్నాను. "కలుపిచ్చినాను కదా, సాల్దా" అంది.

మేళాకి ముందు రోజు సామాను సర్దడానికి వెళ్లాం. మాకు ఎడమ పక్క మందు కొట్టే డ్రోన్ల వాళ్లు, కుడి పక్క పంటకి తెగులొస్తే ఫోనులోనే చెప్పేసే కంపెనీ వాళ్లు. మధ్యలో మేము, చేపల వాసనతో అయిదు ట్రేలు. నాన్న మా ముగ్గురి చేతా కళ్లు మూయించి ప్రార్థన చేశాడు. ఆయన ప్రార్థన పొడుగు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి మా నెత్తి మీద పలక బిగించేసి ఉంది. తెల్లటి పలక, ఆకుపచ్చ ఇంగ్లీషు అక్షరాలు, నాలుగే నాలుగు. ఏ, పీ, పీ, ఏ.

"ఇదేటి? మన పేరేది?" అని తమ్ముడు అరిచాడు. నేను ఆఫీసుకి ఫోను చేశాను. ఆ పిల్ల ఎంతో మర్యాదగా, "ఫేసియా నేమ్ సారే చెప్పారు మేడం, స్పెల్లింగుతో సహా. మా బెంగళూరులో అప్పా అంటే ఫాదర్ కదా, సెంటిమెంట్ అనుకున్నాం" అంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆవేళ ఆ పిల్ల అడిగింది ఫేసు కాదు, ఫేసియా అని. పలక మార్చాలంటే ఎల్లుండి పొద్దున్నే కుదురుతుందట. తమ్ముడు తల పట్టుకున్నాడు. నాన్న మాత్రం మెడ వెనక్కి వాల్చి ఆ నాలుగక్షరాలనీ పైకి చదువుకుని, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తప్పని అనలేదు, ఒప్పని అనలేదు. అసలు ఏం జరిగిందో ఆయనకి తెలిసిందో లేదో కూడా నేను కనిపెట్టలేకపోయాను.

మొదటి రోజు గేట్లు తెరిచిన గంటకే సముద్రపు గాలికి చివరి అక్షరం అంటు వదిలి ఊడిపోయింది. మిగిలినవి మూడు. ఏ, పీ, పీ. ఇక చూస్కోండి. అటు డ్రోను, ఇటు ఫోను, మధ్యలో 'యాప్' అని ఇంత బోర్డు. జనం తోసుకొచ్చారు.

"అంకుల్, ఫ్రీయేనా?"

"ప్రీ ఏటి బాబూ, తుమ్మకర్ర పిడి."

"ఏ ఫోన్లో పనిచేస్తుందండి?"

"పోనెందుకు? సేత్తో అట్టుకోవాల."

ఒకాయన స్కాన్ చేయడానికి కోడు ఎక్కడుందని ఫోను పట్టుకుని వెతుకుతుంటే, ఫొటో తీస్తున్నాడనుకుని నాన్న పారని తువ్వాలుతో తుడిచి, గుండెల దగ్గర పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ట్రేల వాసనకి వచ్చినవాళ్లు రొయ్యల మేత ఉందా అని అడిగారు. పోనీ పని చూపిద్దామంటే నాన్నకి మోకాళ్లు వంగవు. తమ్ముడు కూర్చుని ఒక్క ఊపు ఊపితే కలుపు అలాగే ఉండి తోటకూర ఊడొచ్చింది. నేను చేసిన ప్రయత్నం గురించి రాయను. సాయంత్రానికి అయిదు ట్రేలలోనూ మట్టి తప్ప ఏమీ మిగల్లేదు. కొత్త కలుపు పంపమని తమ్ముడు అప్ప మనవరాలికి ఫోను చేశాడు.

జనం పల్చబడ్డాక చూస్తే నాన్న కనపడలేదు. పైకి చూద్దును కదా, ఊడిపోయిన అక్షరం ఒక చేత్తో, జిగురు డబ్బా ఒక చేత్తో పట్టుకుని కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. దిగమని కుర్చీ పట్టుకున్నాను. రేపు పొద్దున్న ఎలాగూ పలకే మారుస్తారు కదా, ఇప్పుడీ తంటా ఎందుకు నాన్నా అన్నాను. "రేపటి సంగతి రేపు. అచ్చరం ఊడిపోతే మనిసే మారిపోతంది" అన్నాడు. ఇది నాకు చెప్పాడో, పలకకి చెప్పాడో తెలియదు. అంటించాక దిగి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఆ అక్షరం కాస్త వంకరగానే అతికింది.

రెండో రోజు పదిన్నరకి ఆటోలోంచి బుట్టతో అప్పే దిగింది. మనవరాలికి పరీక్షట, కలుపు ఇచ్చి వెళ్లిపోతానని నాతో అంది. నాన్న ఉన్న వైపు చూడలేదు. నాన్న కూడా అప్పుడే ఏదో వెతుకుతున్నట్టు టేబులు కిందకి వంగాడు. బుట్ట దించి అప్ప వెనక్కి తిరిగిందో లేదో, పాలకొండ వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ల గుంపు ఒకటి మా ముందు ఆగింది. వాళ్లలో చదువుకున్న ఒకామె తల ఎత్తి "అప్ప" అని పైకి చదివింది. అప్ప చటుక్కున ఇటు తిరిగింది.

"ఎవులే నన్ను పిలిసినారు?"

"పిలవలేదప్పా. పైన రాసుంది చదివింది."

"ఏటి రాసుంది?"

"అప్ప అని."

అప్ప పైకి చూసింది. ఆవిడకి ఆ అక్షరాలు రావు. అయినా ఒక్కొక్కదాన్నీ వేరువేరుగా చూసింది, చివరి వంకర అక్షరం దాకా. సరిగ్గా అప్పుడే మేళా వాళ్ల మనిషి భుజాన నిచ్చెన, చంకలో కొత్త పలకతో వచ్చి నిలబడ్డాడు. నేను సైగ చేసేలోపే గొంతెత్తి, "సార్, పేరు తప్పు పడిందంట కదా. కొత్తది తెచ్చాను, ఇది దింపేయమంటారా?" అన్నాడు.

తమ్ముడు నోరు తెరవబోతే వాడి కాలు తొక్కాను. ఎవరేం అన్నా చెడిపోయేలా ఉంది. అవును తప్పే అంటే ఆవిడ ఇంక ఈ జన్మలో మా మొహం చూడదు. తప్పు కాదని నేనంటే అబద్ధమని ఆవిడకి తెలిసిపోతుంది. నాన్న టేబులు కింద నుంచి మెల్లగా లేచాడు. అప్ప వైపు కాదు, ఆ మనిషి వైపే చూశాడు.

"తప్పని ఎవుడన్నాడు?"

"ఆఫీసులో చెప్పారండి."

"ఆలకేటి తెల్సు? అది మా అప్ప. ఎల్లు, ఎల్లు."

ఆ మనిషి అయోమయంగా కొత్త పలక మాకే ఇచ్చేసి వెళ్లిపోయాడు. తాత పేరు, నాన్న పేరు, ఇంజనీరింగు, అండ్ సన్, అన్నీ తప్పుల్లేకుండా ఉన్న ఆ పలకని ఆ రెండు రోజులూ ట్రేల కింద ఎత్తుకి వేసుకున్నాం.

అప్ప కొంగు బిగించి, బుట్టలో కలుపు ట్రేలో పరిచి, గొంతుకూర్చుని పార అందుకుంది. ఆ పాలకొండ ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఆవిడ చెయ్యి కదిలినట్టే ఉండేది కాదు, తుంగ మాత్రం దుంపతో సహా పక్కకి వచ్చి పడుతుంటే వాళ్లలో ఒకామె, "ఓలమ్మో, మొక్కకి తెలనేదే" అంది. నీ సెయ్యి ఇలగెట్టు, నడుం కాదు మోసెయ్యి ఆడించు, అని అప్ప ఒక్కొక్కరి చేతిలో పార పెట్టి నేర్పింది. అంత సందడిలో ఎవరు ఎంత కొన్నారో నాకు తెలియదు. విజయనగరం వైపు దుకాణందారు ఒకాయన తమ్ముడితో ఏదో ఖాయం చేసుకున్నాడని తర్వాత తెలిసింది. నేను మాత్రం వాళ్లిద్దరినే చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండ ఎక్కాక అప్ప తల ఎత్తకుండానే, "ఒరే, నీల్లియ్యి" అంది.

డ్రోన్ల మోత, మైకులో ప్రకటనలు, జనం గోల. పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. నాన్నకి వినపడింది. సీసా తీసుకుని వెళ్లాడు, మూత తిప్పబోయాడు, అది రాలేదు. అప్ప సీసా లాక్కుని, "మూత కూడా నానే తియ్యాలేట్రా?" అంది. నాన్న నవ్వాడు. నాకు ఏడుపు ఆగక, చేపల ట్రేలు కడిగే నెపం మీద కుళాయి దగ్గరికి పోయాను.

ఆ తర్వాత అప్ప ప్రతి మంగళవారం షెడ్డుకి వచ్చేది. పార మెడ ఇంకా వంచాలని ఆవిడ, వంచితే విరుగుతుందని ఈయన, గోపాలపట్నం సంత వాళ్లకి కూడా వినపడేలా దెబ్బలాడుకునేవాళ్లు. పెట్టెల మీద వాక్యం నేను మార్చి రాశాను. నాన్న పోయి ఏడాదైంది. సమాధి దగ్గర కార్యక్రమాలన్నీ అయిపోయిన కొన్నాళ్లకి, అబద్ధం కడుపులో పెట్టుకుని ఉండలేక అప్ప మడి దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పేశాను. ఫోను, ఫేసు, ఫేసియా, బెంగళూరు పిల్ల, అంతా. నాన్న కావాలని రాయించలేదు అప్పా, తప్పుగా విన్నాడు అన్నాను. అప్ప కలుపు తీస్తూనే వింది.

"తెల్సులేవే గుంటా. ఆ రోజే తెల్సు. ఆడు అడిగి మరీ నా పేరు ఏయించే మనిసేటి? నిచ్చెనోడు తప్పన్నాడు కదా, నాకు సెవులు బాగానే ఉన్నాయి."

"మరి కోపం రాలేదా?"

"తియ్యనివ్వనేదు కదే. తప్పని తెల్సీ ఉండనిచ్చినాడు. నాకది సాలు." పార కింద పెట్టింది. "నానూ ఓ మాటు ఎల్లి నీల్లడిగుంటే పోయీది. నాలుగేల్లు, ఒలే. ఉత్తినే పోగొట్టీసుకున్నాం."

ఆవిడని అంతకుముందు ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. పక్కన కూర్చుని, నాకు రాని పనే అయినా, పార తీసుకుని కలుపు తీయడం మొదలుపెట్టాను. నాన్న తప్పుగా విన్నాడా, ఆ పార వంక చూసిన క్షణంలో సరిగ్గానే విన్నాడా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు, తేల్చేవాళ్లూ లేరు. వాళ్లిద్దరూ మాట్లాడుకోని నాలుగేళ్లలో ఏ ఆదివారం ఏం జరిగిందో ఇప్పుడడిగినా వరసగా చెప్పగలను, మాట్లాడుకున్న రెండేళ్లు మాత్రం ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళ్లిపోయాయో నాకు తెలియనే లేదు.